నా గిన్నెలో దొరికిన పన్ను

శారద మేడం మా అందరినీ "అమ్మా" అని పిలిచేది. జమ్లీని మాత్రం "జమ్లీ గారూ" అనేది.

తవ్వకం పనిలో పన్నెండు మందిమి ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. పదకొండు మందిమి అమ్మలం, ఆమె ఒక్కతే గారు. మేడం కావాలని అనేది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. జమ్లీ ఎదురుగా ఉంటే మేడం నోటికి ఆ మాట దానంతట అదే వచ్చేది. అందుకే నాకు ఇంకా ఎక్కువ మండేది. కావాలని అంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

నర్సింహులపేటకు ఇవతల, మా ఊరి చెరువు కట్ట పక్కన, పెద్ద పెద్ద బండలు గుండ్రంగా పాతి ఉంటాయి. మా పెద్దలు వాటిని రాకాసి గుళ్ళు అనేవాళ్ళు. మేకలు తప్ప అటు ఎవరూ పోయేవాళ్ళు కాదు. హైదరాబాదు నుంచి శారద మేడం వచ్చి, అవి రాకాసులవి కావు, మూడు వేల ఏళ్ళ కింద మనలాంటి మనుషులనే పాతిపెట్టిన జాగాలు అని చెప్పి తవ్వకం మొదలుపెట్టింది. మొదటి రోజు పని అడగడానికి పోయింది నేనే. ఏ బండ కింద పాములుంటాయో, ఏ మూలన వాన నీళ్ళు నిలుస్తాయో చూపించింది నేనే.

వారం గడిచాక మేడం ఒక మాట చెప్పింది. జనగామలో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారట. ఇక్కడ దొరికినవన్నీ అక్కడ కడిగి, ఆరబెట్టి, సర్దాలి. ఏడాది పని. అందుకు మాలో ఒకరిని తీసుకుపోతానన్నది.

నాకు యాభై ఆరేళ్ళు. మా ఆయన పోయి పదకొండేళ్ళు. పత్తి ఏరడానికి నడుము సహకరించడం లేదు. నీడలో కూర్చుని చేసే పని, అది కూడా పన్నెండు మందిలోంచి నన్నే ఏరి తీసుకుపోయే పని! ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసంతా జనగామలోనే ఉంది.

తవ్వకంలో మట్టి తీయడం మగవాళ్ళ పని, తట్టల్లో మోయడం మా పని. కుండలు గానీ మనిషి బొక్కలు గానీ కనపడితే గడ్డపారలు పక్కన పెట్టి, మెత్తటి కుంచెతో మట్టిని కొద్దికొద్దిగా దులపాలి. ఆ కుంచె ఎవరికివ్వాలా అని మేడం మూడు రోజులు మా చేతులు గమనించింది. నాలుగో రోజు జమ్లీని పందిరి కింద కూర్చోబెట్టింది.

జమ్లీది చెరువు అవతలి తండా. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళమ్మ దగ్గర చిన్నప్పుడే బట్టల మీద అద్దాలు కుట్టడం నేర్చిన చెయ్యట. మేము ఎండలో తట్టలు మోస్తుంటే ఆమె నీడలో కూర్చుని కుంచె ఆడించేది. అది చాలదన్నట్టు, మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్ళాయన ధన్‌సింగ్ బండి మీద టిఫిన్ తెచ్చేవాడు.

"పొద్దుగాలనే తెచ్చుకోవచ్చు కదనే జమ్లీ, ఆయనను ఎందుకు తిప్పుతవ్?" అని ఒకసారి అడిగాను.

"నేనెక్కడ తిప్పుతున్ననక్కా! రొట్టె సల్లవడితే నేను తిననని ఆయనే తెస్తడు."

పక్కనే తట్ట పట్టుకుని నిలబడ్డ లక్ష్మీనర్సమ్మ నా వైపు చూసి కన్ను గీటింది. "మొగడంటే గట్లుండాలె గట్టక్కా. మా ఆయన గిట్ల తెచ్చిండనుకో, తొవ్వల్నే సగం తిని మిగిలింది తెస్తడు."

అందరూ నవ్వారు. నేను నా సద్ది మూత తీసి, తెల్లారి వండిన అన్నంలో పచ్చడి కలుపుకున్నాను.

నాకూ ఒక రోజు వచ్చింది. గుంతలోంచి తీసిన మట్టిలో చిన్న చిన్న పూసలుంటాయని మేడం జల్లెడ పట్టిస్తుంటే, మా నల్లమట్టి ఉండలు కట్టి జల్లెడ దిగేది కాదు. మేడం పరేషాన్ అవుతోంది. నేను ముందుకు పోయి అన్నాను: "మేడం, బియ్యంల రాళ్ళు ఎట్ల తీస్తం? నీళ్ళల్ల గాలిస్తం. గిది గూడ గంతే కదా."

ఇంటికి పోయి నా సిల్వరు గిన్నె, పీట తెచ్చుకున్నాను. గిన్నెలో మట్టి వేసి, నీళ్ళు పోసి, చేత్తో కలిపి, గుండ్రంగా ఊపుతూ బురద నీళ్ళను అంచు మీదుగా వంపుతూ పోవాలి. బరువైనది అడుగున ఆగుతుంది. బియ్యం గాలించేటప్పుడు అడుగున ఆగిన రాళ్ళను పారేస్తాం, ఇక్కడ అడుగున ఆగినదే కావాలి. తేడా అంతే. మొదటి రోజే ఆవగింజంత ఎర్ర పూసలు మూడు దొరికాయి.

"ఇన్నేళ్ళ చదువులో ఇది నాకు తట్టలేదమ్మా" అన్నది మేడం. అంత మెచ్చుకుని కూడా అమ్మా అనే అన్నది.

దొరికిన ప్రతి దానికీ ఒక చీటీ రాయాలి. ఏ గుంత, ఏ తేదీ, ఎవరు గాలించారు. ఆ రాసే పనీ నాదే. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాకే, అయినా గుండ్రంగా రాస్తాను. ప్రతి చీటీ చివర "గట్టమ్మ" అని రాసేదాన్ని. నలభై ఒక్క చీటీలయ్యాయి. జమ్లీకి అక్షరం రాదు. జనగామ నాదేనని అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే జమ్లీ కుంచె కింద మనిషి బయటపడింది.

ఆడమనిషి. పడమటి వైపు కాళ్ళు పెట్టి పడుకోబెట్టారు. ముప్పై అయిదు, నలభై ఏళ్ళుంటాయని మేడం చెప్పింది. జమ్లీ నాలుగు రోజులు ఆమె పక్కన కూర్చుని, పసిపిల్ల ముఖం తుడిచినట్టు మట్టి తీసింది. కుడిచెయ్యి మోచేతి కింద లేదు.

"ఎట్ల తెగింది మేడం?" అని అడిగాను.

"తెలియదమ్మా. బండ పడి ఉండవచ్చు, జంతువు కరిచి ఉండవచ్చు. కానీ ఇది చూడండి. ఎముక చివర నున్నగా మానింది. చెయ్యి పోయాక కూడా చాలా ఏళ్ళు బతికింది."

"ఒంటి చేత్తోని ఎట్ల బతికింది?" అన్నది జమ్లీ.

"పుండు మానేదాకా ఎవరో ఒకరు దగ్గర కూర్చుని తినిపించి ఉంటారు, జమ్లీ గారూ. లేకపోతే బతకదు."

జమ్లీ ఆ బొక్క చివర వేలితో మెల్లగా తాకింది. నేను లేచి నా గిన్నె దగ్గరికి వచ్చేశాను. పోయినేడు నాకు పది రోజులు జ్వరం వచ్చింది. పొయ్యి దగ్గరికి పాకుతూ పోయి నా గంజి నేనే కాచుకున్నాను. ఈమెకు మూడు వేల ఏళ్ళ కింద, కరెంటు లేదు, దవాఖాన లేదు, ఏమీ లేదు, అయినా అన్నం కలిపి పెట్టే చెయ్యి ఒకటి ఉంది. చచ్చి మన్నులో ఉన్న ఆడదాని మీద ఈసు పడ్డాను. నవ్వొస్తే నవ్వండి.

ఆ మరుసటి రోజు నేను పనికి పోలేదు. కొన్ని నెలలుగా కళ్ళ ముందు పొగ కమ్మినట్టు ఉంటోంది. తొర్రూరు పోయి కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. రెండు కళ్ళలోనూ పొర బాగా ముదిరింది, ఆపరేషన్ చేయాలి అన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. కళ్ళు కనపడనిదాన్ని గిన్నె ముందు ఎవరు కూర్చోబెడతారు? జనగామకు ఎవరు తీసుకుపోతారు?

బస్సు దిగి నేరుగా తవ్వకం దగ్గరికి పోయేసరికి జనం గుమిగూడి ఉన్నారు. నా పీట మీద జమ్లీ కూర్చుని ఉంది. నా గిన్నె ఆమె ఒళ్ళో ఉంది. వారం కింద, ఆమె అడిగితే, గాలించడం ఎలాగో నేర్పింది నేనే. ఇంట్లో రొట్టెలు తినేవాళ్ళకు గాలించడం ఏం వస్తుందిలే అనుకుని నేర్పాను.

నన్ను చూడగానే ఎగిరి లేచింది. "గట్టక్కా, ఇటు రా! చూడు, నీ గిన్నెల దొరికింది!"

ఆమె అరచేతిలో ఒక పన్ను ఉంది. బొటనవేలి గోరంత. మూడు మూలలు, అంచులు రంపంలాగా, పైన దారం దూర్చడానికి సన్నటి తొర్ర. ఆ ఆడమనిషి మెడ కింది మట్టిలోనిదట.

"సొరచేప పన్ను ఇది" అన్నది మేడం. "సముద్రంలో ఉండే చేప. ఇక్కడికి సముద్రం ఎంత దూరం! చేతులు మారి, మారి వచ్చి ఉంటుంది. మెడలో కట్టుకున్నది."

"గట్టమ్మా, చీటీ రాస్తారా?" అన్నది.

రాశాను. ఎవరు గాలించారు అనే చోట నా చేత్తోనే "జమ్లీ" అని రాశాను. 'మ' కింద 'ల' ఒత్తు కొంచెం వంకర పోయింది. నా గిన్నె, నా పీట, నేను నేర్పిన పని. ఒక్క రోజు నేను లేకపోతే నాలుగు వారాల కష్టం ఆమె చేతిలోకి పోయింది. ఇంకో రెండు రోజులకు పేపర్లో ఫోటో కూడా పడింది. చేతిలో పన్ను పట్టుకుని జమ్లీ, వెనకాల సగం తెగిన నా భుజం.

ఆ పొద్దున చెరువు దగ్గర బండల మీద బట్టలు ఉతుకుతున్నాం. లక్ష్మీనర్సమ్మ కదిలించింది.

"మీ జమ్లీ ఫోటో పేపర్ల పడ్డదట గదనే! ఆ చేప గంత పెద్దదా?"

నా జమ్లీ! చేతిలో ఉన్న చీరను బండకేసి బాదాను. "పెద్దదా? మనిషిని నడుం దాక మింగుతదట. గా గుంతల ఉన్నామె చెయ్యి తిన్నది గదే."

"అవ్వో! ఏడ తిన్నది?"

"ఏడేంది? చెరువు ఒడ్డుకు పాతిపెట్టిన్రంటే చెరువులనే తిన్నట్టు కదా."

"మన చెరువులకు సొరచేపలు ఏడికెల్లి వస్తయే, పిచ్చిదానా?"

"గిప్పుడు మన చెరువు ఏ నీళ్ళతోని నిండుతుంది? భూపాలపల్లి అవతల గోదారిల పంపులు పెట్టి గుంజి, కాలువల పోస్తున్నరు. గోదారి ఏడికి పోతది? సముద్రానికి. అటు పోయే తొవ్వ ఉన్నప్పుడు ఇటు వచ్చే తొవ్వ ఉండదా?"

లక్ష్మీనర్సమ్మ ఉతకడం ఆపింది. అటు పక్క బండల మీది ఇద్దరు కూడా ఆపారు. మూడు వేల ఏళ్ళ కింద కాలువలు ఎక్కడివి అని ఒక్కరూ అడగలేదు. అప్పుడు నేను అసలు అనాలనుకున్న మాట అన్నాను.

"ఆ పన్ను ఆమె మెడల ఊకెనే కట్టలే. చేప మళ్ళ రాకుండ కాపలా కట్టిన్రు. జమ్లీ దాన్ని తీసింది. ఇగ ఏమైతదో చూడున్రి."

సాయంత్రానికి ఊర్లో సగం ఫోన్లలో సొరచేప నోరు తెరుచుకుని ఉంది. అన్నీ సినిమా ముక్కలే: ఎవరిదో పడవ మునగడం, ఎవరో అరవడం, నీళ్ళు ఎర్రబడడం. మానుకోట నుంచి చుట్టాలు ఫోన్ చేసి, మీ చెరువులో ఏదో తిరుగుతోందట గదా అని అడిగారు. నాకు లోపల లోపల సంబరంగానే ఉంది. అందరూ జమ్లీ పేరు ఎత్తుతున్నారు, కాని ఈసారి మెచ్చుకుంటూ కాదు.

మూడో రోజు పోశాలు కాలు తెగింది. చేపలు పట్టేవాళ్ళ సంఘానికి పెద్ద అతను. వల సర్దడానికి తూము దగ్గర నీళ్ళలో దిగి, కేక పెట్టి బయటకు ఉరికాడు. మడమ మీద పక్కపక్కనే రెండు గాట్లు, నెత్తురు.

"పండ్లు దిగినయి! నేను సూడలే గని, నల్లగ ఏదో పోయింది!"

ఆ రోజు నుంచి చెరువులో ఎవరూ కాలు పెట్టలేదు. బట్టలు బోరు దగ్గరికి పోయాయి. బర్రెలను నీళ్ళలోకి దిగకుండా కట్టేసి, బకెట్లతో కడిగారు. నిండా చేపలున్న చెరువు మీద వల వేసేవాడు లేడు. చేపల పని ఆగేసరికి పోశాలు వాళ్ళకు కోపం ముదిరింది. ఆ కోపం పోవడానికి ఒక చోటు కావాలి. తండా నుంచి వచ్చే బాట చెరువు కట్ట మీదుగానే. ఒక పొద్దున జమ్లీని అక్కడ ఆపేశారు.

"పన్ను తీస్కపోయి ఆమె మెడల కట్టు. లేకుంటే కట్ట మీద కాలు పెట్టకు" అన్నాడు పోశాలు.

"అది నాది కాదన్నా, మేడం దగ్గరున్నది" అన్నది జమ్లీ.

"తీసినప్పుడు నీ చెయ్యే కద తీసింది!"

ఆ రోజు ఆమె పొలాల వెంట చుట్టూ తిరిగి ఎండెక్కాక వచ్చింది. మరునాడు అసలే రాలేదు. ఊరి మగవాళ్ళు వచ్చి మేడంకు చెప్పారు: శుక్రవారం ట్రాక్టర్లతో మట్టి తెచ్చి గుంత పూడ్చేస్తాం, అందులో ఉన్నామెను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండనీయండి. బొక్కలు మెత్తగా ఉన్నాయి, మందు పూసి ఆరనివ్వాలి, తీయడానికి ఒక్క వారం ఆగండి అని మేడం బతిమాలింది. వాళ్ళు వినలేదు.

గురువారం మేడం నా దగ్గరికి వచ్చి పక్కన నేల మీద కూర్చున్నది.

"గట్టమ్మ గారూ, జనగామకు మీరు వస్తారా? జమ్లీ గారు ఇక రానని కబురు చేశారు."

నెల రోజులుగా ఎదురు చూసిన మాట. గారు కూడా వచ్చింది.

"ఆమె గూడ వస్తదా మేడం, జనగామకు?" గుంత వైపు చూపించాను.

"రేపు పూడిస్తే ఎట్లా వస్తుందమ్మా? పైన ట్రాక్టరు తిరిగితే పిండి అయిపోతుంది."

మేడం లేచిపోయాక నేను గుంతలోకి దిగాను. పుర్రె పక్కన జమ్లీ కుంచె అలాగే ఉంది. నున్నగా మానిన ఆ బొక్క చివర చూశాను. ఎవరో దగ్గర కూర్చుని, ముద్ద ముద్ద పెట్టి బతికించుకున్న మనిషి. ఇన్ని వేల ఏళ్ళు ఏ బండా ఆమెను నలపలేదు. బట్టలు ఉతుకుతూ నేనన్న నాలుగు మాటలు రేపు నలపబోతున్నాయి. జనగామలో నీడలో కూర్చుని కుండ పెంకులు కడుగుతూ నేను ఏం ఆలోచిస్తాను? ఇదే కదా.

శుక్రవారం పొద్దున రెండు ట్రాక్టర్లు కట్ట కింద ఆగాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ధన్‌సింగ్ బండి మీద జమ్లీ కూడా వచ్చి దూరంగా నిలబడ్డది, ఆఖరుసారి చూసుకుందామని కావచ్చు. నేను పోశాలు ముందుకు పోయాను. నా గిన్నె నా చంకలో ఉంది.

"పోశాలూ, చెరువుల ఏ సొరచేప లేదు. ఆ మాట పుట్టిచ్చింది నేను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు పుట్టిచ్చుడేందవ్వా? నా కాలు నువ్వు కొరికినవా?"

జనం నవ్వారు.

"నిజం చెప్తున్న. జమ్లీ మీద కండ్లల్ల నిప్పులు పోసుకుని అన్న. అడుగు, లక్ష్మీనర్సమ్మకు చెప్పింది నేనే."

లక్ష్మీనర్సమ్మ చెయ్యి ఊపింది. "నువ్వు చెప్పకముందుకెల్లి నాకెరికే, పోవే! మా అత్త కాలంల గూడ ఒకసారి ఏందో కనవడ్డదట."

నా అబద్ధం నాకంటే పెద్దదైపోయింది. దాన్ని కన్నదాన్ని నేనే అంటే కూడా నమ్మేవాళ్ళు లేరు. ఇంకేం చేయను? "నీ కాలు ఏడ తెగింది?" అని పోశాలును అడిగాను.

"గా తూముకు ఇవతల. ఎందుకు?"

చీర కుచ్చిళ్ళు పైకి దోపి చెరువులోకి దిగాను. వెనక ఒక్కసారిగా కేకలు. "అవ్వా, రా ఇటు!", "పిచ్చిగిన లేసిందా దీనికి!" మోకాళ్ళ దాకా, తొడల దాకా, నడుము దాకా. నీళ్ళు చల్లగా, ముదురు పచ్చగా ఉన్నాయి. ఏదో నున్నటిది నా పిక్కను రాసుకుంటూ పోయింది. అది ఏ బొచ్చె చేపో అని తెలుసు. నేనే కల్పించిన జంతువు అని తెలుసు. అయినా ఫోన్లలో చూసిన ఆ నోరే కనపడి అక్కడే ఆగిపోయాను. భయానికి ఎవరు పుట్టించారన్నది పట్టదు కాబోలు.

వెనక నీళ్ళు కదిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే జమ్లీ. ఆమెకు ఈత రాదు. ఒడ్డు మీద ధన్‌సింగ్ గొంతు చించుకుంటున్నాడు.

"ఎందుకు దిగినవే?" అన్నాను.

"నువ్వు ఒక్కదానివే ఉన్నవని" అన్నది. పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "గిన్నె ఎందుకు తెచ్చినవక్కా?"

"గాలిస్తందుకు."

వంగి అడుగు బురదను గిన్నెతో తోడాను. గుండ్రంగా ఊపుతూ, నీళ్ళు వంపుతూ చూశాను. మొదటి గిన్నెలో నత్తగుల్లలు. కొంచెం జరిగి మళ్ళీ తోడాను. ఏమీ లేదు. ఇంకొంచెం జరిగి మూడోది. ఊపాను, వంపాను, కళ్ళు చిట్లించి చూశాను. నాచు, బురద. పారబోద్దామని గిన్నె వంచాను.

జమ్లీ చెయ్యి గిన్నె అంచును గట్టిగా పట్టుకున్నది. "ఆగక్కా! గదేంది?"

"ఏది?"

"గదే. నీ కండ్ల ముందటనే ఉన్నది."

నాకు నాచు, బురద తప్ప ఏమీ కనపడలేదు. ఆమె గిన్నెలో చెయ్యి పెట్టి తీసింది. నాచు పట్టిన, పగిలిన బీరు సీసా అడుగు ముక్క. అంచున రెండు మొనలు పక్కపక్కనే లేచి ఉన్నాయి. జమ్లీ ఆ గాజును చూసింది, తరువాత నా కళ్ళలోకి చూసింది. ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది. నేను తొర్రూరు పోయిన రోజు ఆ పీట మీద నేనే కూర్చుని ఉంటే, ఆ పన్నును బురద నీళ్ళతో పాటు పారబోసి ఉండేదాన్ని.

ఆమె ఆ మాట అనలేదు. గాజును పైకెత్తి ఒడ్డుకు వినపడేలా అరిచింది: "దొరికింది! గట్టక్క గిన్నెల దొరికింది!"

పోశాలు ఆ రెండు మొనలను మడమ మీది గాట్ల దగ్గర పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయాయి. అందరికంటే ముందు లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచింది. "గీ సొరచేపను నువ్వే తాగి పారేసినవ్ కదరా పోశాలూ! తూము మీద రోజు కూసునేది ఎవరు?"

నవ్వులు కట్ట మీద ఆ చివరి దాకా పాకాయి. పోశాలు తల గోక్కున్నాడు. తెచ్చిన మట్టిని ఊరికే ఎందుకు పోనివ్వాలని కట్ట మీద వాన కోసుకుపోయిన చోట పోయించి, ట్రాక్టర్లను పంపించేశాడు. సాయంత్రానికి ఇద్దరు వలలు తీశారు.

తడి చీరతోనే మేడం దగ్గరికి పోయాను. "జనగామకు జమ్లీనే తీస్కపోండి మేడం. నాకు రెండు కండ్లల్ల పొర ఉన్నది. చెప్పకుండ దాచిన" అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడం కంటే చెరువులో దిగడమే తేలిక.

వారానికి బొక్కలను దూదిలో పొదిగి, పెట్టెల్లో సర్ది, వ్యానులో ఎక్కించారు. జమ్లీ నాతో చెప్పిపోవడానికి వచ్చింది.

"ఆ మాటలు అన్నది నేనని నీకు ముందుగాలనే ఎరికేనా?" అని అడిగాను.

"బండల కాడ నువ్వన్న దినమే లక్ష్మీనర్సమ్మ నాకు చెప్పింది."

"మరి అడగకపోతివి?"

"అడిగితే నువ్వు మళ్ళ పీట ఇయ్యవని" అని నవ్వింది.

ధన్‌సింగ్ ఆమె సంచి అందుకుని, వ్యానులో ముందు సీటు మీద తువ్వాల వేసి, ఆమెను కూర్చోబెట్టాడు. వారం వారం జనగామ వస్తానని, రొట్టెలు తెస్తానని చెబుతున్నాడు. మేడం "రండి జమ్లీ గారూ" అన్నది. అప్పుడు కూడా నాకు మండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒకప్పుడైతే ఆమెలో ఏదో తప్పు వెతికి ఊరట పడేదాన్ని. ఈసారి వెతకడానికి ఏమీ దొరకలేదు. అందుకని ఇంకొంచెం ఎక్కువే మండింది.

నాకు కంటి ఆపరేషన్ అయింది. నీళ్ళలో, దుమ్ములో పని చేయకుండా నెల ఆగమన్నారు, ఆగాను. కట్టు విప్పిన రోజు మా గోడ మీద చీమల వరుస కనపడి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

తవ్వకం ఇంకో గుంతకు జరిగింది. పాత గుంత పక్కన, అన్ని రోజులు నేను గాలించి పారబోసిన బురద ఎండి, నడుమెత్తు కుప్ప అయింది. మేడంను అడిగి ఆ కుప్ప దగ్గరే పీట వేసుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి, గిన్నె గిన్నెగా గాలిస్తున్నాను. ఇప్పటికి ఎర్ర పూసలు ఆరు దొరికాయి. ఆరూ నేను పారబోసినవే. చీటీ చివర నా పేరే రాస్తున్నాను.

ఆ మెడలో పన్ను ఒక్కటే ఉండకపోవచ్చునని మేడం ఒకసారి అన్నది. కుప్పలో ఇంకా సగం ఉంది.